బరంపురం వీధుల చరిత్ర: ఫోటోలు, మాటలు, వీడియోలు ఎలా దాచాలి, ఎలా పంచాలి?

#1 · పాతబరంపురం

అందరికీ నమస్కారం. బిజీపూర్, బడా బజారు, దేశిబెహరా వీధి నుంచి మొదలుపెట్టి ఒడిశాలోని బరంపురం తెలుగువాళ్ల ఇళ్లలోని పాత ఫోటోలు, పెద్దవాళ్ల మాటలు, పట్టు మగ్గాల పని, ఠకురాణి యాత్ర (అమ్మవారి జాతర) వేషాలు రికార్డు చేసి ఊరందరికీ అందేలా పెట్టాలన్నది ఆలోచన. మనుషులు నలుగురు. శని ఆదివారాలే, పన్నెండు వారాలు. సరంజామా: రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు, ఒక ల్యాప్‌టాపు, ఒక పల్చటి కానన్ లైడ్ స్కానరు.

అనుకున్న లెక్క ఇది: 20 మందితో తలా గంట మాటలు, 500 ఫోటోలు, ఐదేసి నిమిషాల వీడియోలు 10. అన్నీ యూట్యూబ్‌లో పెట్టేస్తే సరిపోతుందా? ఫోటోలు ఎంత డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలు) స్కాన్ చేయాలి? వాడవలసినవీ, చేయకూడనివీ తెలిసినవాళ్లు చెప్పండి.

#2 · టేపు_దారం

ముందు గంటల లెక్క చూసుకోండి. నలుగురు, 24 రోజులు, రోజుకు నికరంగా 4 గంటలు అంటే మీ చేతిలో ఉన్నవి 384 గంటలు. గంట మాటలను అక్షరాల్లోకి దించడానికి 6 గంటలు పడుతుంది. బరంపురం తెలుగులో ఒడియా కలిసి వస్తుంది కనుక అంతకు తగ్గదు. 20 మందికి అక్కడే 120 గంటలు. వెళ్లి కూర్చుని రికార్డు చేసి రావడం ఇద్దరు మనుషులకు మూడేసి గంటలు, మరో 120. ఫోటోకు స్కానింగు 5 నిమిషాలు, వివరం రాయడానికి 10 నిమిషాలు వేసుకుంటే 500 ఫోటోలకు 125. ఒక్కో వీడియో ఎడిటింగుకు 17, 18 గంటలు పట్టినా 175. మొత్తం 540. అంటే పని మధ్యలోనే ఆగిపోతుంది. ఆగేది ఎప్పుడూ వివరాలు రాసే పనే. వివరం లేని ఫోటోలు, రాతలోకి రాని టేపులు డిస్కులో ఎన్ని ఉన్నా వెతికినవాడికి దొరకవు.

8 మంది, 200 ఫోటోలు, 3 వీడియోలు పెట్టుకోండి. 200 గంటల్లో తేలుతుంది. మిగిలిన సమయం తప్పులు దిద్దడానికీ, వెళ్లిన ఇంటికి మళ్లీ వెళ్లడానికీ కావాలి. ఆ రెండో రాక చాలా ముఖ్యం. మొదటిసారి చెప్పని పేర్లు, తారీఖులు రెండోసారే బయటికి వస్తాయి.

ఇక రికార్డింగు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, కుదించని డబ్ల్యూఏవీ ఫైలు. ఒక మైకుతో మోనో చాలు, గంటకు సుమారు 520 ఎంబీ. స్టీరియో అయితే ఒక జీబీ దాటుతుంది. ఫోన్లో ఉన్న మామూలు వాయిస్ రికార్డరు ఎం4ఏగా కుదించేస్తుంది కాబట్టి డబ్ల్యూఏవీ రాసే యాప్ వేసుకోండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగు ఆగుతుంది. కాలర్ మైకు నోటికి జానెడు దూరంలో, పమిట మడతల కింద కాకుండా పైన క్లిప్ చేయాలి. గుడ్డ రాపిడి శబ్దం తర్వాత ఏ సాఫ్ట్‌వేరుతోనూ పూర్తిగా పోదు. గాజులు ఎక్కువున్న చేయి మైకు వైపు కదలకుండా మీరు ఏ పక్కన కూర్చోవాలో ముందే చూసుకోండి. గట్టిగా మాట్లాడినప్పుడు లెవెలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. సున్నాను తాకితే మాట పగిలిపోతుంది, దాన్ని బాగుచేయలేం.

సీలింగు ఫ్యాను తప్పక ఆపాలి. వేసవిలో ఆపడం కష్టం కాబట్టి ఉదయం 7 నుంచి 9 మధ్య పెట్టుకోండి. ఆ వేళ కుక్కరు విజిళ్లు ఉంటాయి, ఇంట్లోవాళ్లను ముందే అడగాలి. ఇన్వర్టరు ఉన్న గదిలో 50 హెర్ట్జ్ గుంయి శబ్దం పడుతుంది, గది మార్చండి. మొదలుపెట్టే ముందు ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్ల గది నిశ్శబ్దం రికార్డు చేస్తే తర్వాత శుభ్రం చేయడానికి అదే ఆధారం.

మగ్గం దగ్గర ఇంకో పద్ధతి. గుంట మగ్గం ఆడుతుండగా మాట్లాడిస్తే మాట వినపడదు, మగ్గం శబ్దమూ సరిగా రాదు. మీటరు దూరంలో మైకు పెట్టి మగ్గం ఒక్కటే మూడు నిమిషాలు రికార్డు చేయండి. తర్వాత ఆపించి మాట్లాడించండి. పడుగు సాగదీయడం, కండెలు చుట్టడం, నాడె వేయడం, ఒక్కో పనికి వాళ్లు వాడే మాట ఏదో ఆ పని చేస్తుండగానే అడగండి. బయట అడిగితే మీకు అర్థమయ్యే మాట వెతికి చెబుతారు, తమ మాట చెప్పరు.

#3 · వెలుగునీడ

ఫోటోల సంగతి నేను చెబుతాను.

మీ లైడ్ స్కానరు సీఐఎస్ రకం. అద్దానికి పూర్తిగా ఆనిన కాగితం వరకే స్పష్టంగా చూస్తుంది. పాత ఫోటోలు వంపు తిరిగి ఉంటాయి, అంచులో రెండు మిల్లీమీటర్లు లేచినా అక్కడ మసక. ఎవరి దగ్గరైనా కొంచెం లేచిన కాగితాన్నీ స్పష్టంగా చూసే సీసీడీ రకం, అంటే ఎప్సన్ వీ600 లాంటిది అరువుకు దొరికితే తెచ్చుకోండి. నెగటివులు కూడా దానితోనే అవుతాయి.

కొలతలు: పోస్టుకార్డు సైజు ఫోటో 600 డీపీఐ, రంగుల్లోనే, నలుపు తెలుపు ఫోటో అయినా సరే. మరకలు, పసుపు చారలు రంగులోనే విడిగా తెలుస్తాయి. పాస్‌పోర్టు సైజుకు 1200. నెగటివుకు 2400 నుంచి 3200. ఫైలు టిఫ్ (నాణ్యత తగ్గించని రకం). 4 బై 6 అంగుళాల ఫోటో 600 వద్ద సుమారు 26 ఎంబీ వస్తుంది. 1200 పెడితే 104 ఎంబీ, కానీ ఆ కాగితంలో అంత వివరం ఉండదు. డీపీఐ పెంచుకుంటూ పోయి మధ్యలో డిస్కు నిండి పని ఆపేయడం కన్నా 600 మేలు. స్కానరులో ఆటో షార్ప్, దుమ్ము తొలగింపు, ఆటో కలర్ మూడూ ఆపేయండి. దుమ్ము తొలగించే పద్ధతి నలుపు తెలుపు నెగటివు మీద బొట్లు, కళ్లలోని మెరుపు కూడా తినేస్తుంది.

ఫోటో వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, పెన్సిలు రాత, పేరు, తేదీ అన్నీ అక్కడే ఉంటాయి. ముందు వైపుకు ఏ నంబరో వెనకవైపుకు అదే నంబరు, చివర "వె" అని.

#4 · పాతబరంపురం

వెలుగునీడ గారూ, మూడు సందేహాలు. చాలా ఇళ్లలో ఫోటోలు పటం కట్టి ఉన్నాయి, కొన్ని అద్దానికి అంటుకుపోయాయి. కొన్ని జిగురు ఆల్బముల్లో ఉన్నాయి, పైన ప్లాస్టిక్ కాగితం ఉండే రకం. ఇంకొన్నింటికి తెల్లటి బూజు పట్టింది. ఇంటివాళ్లు ఫోటోలు బయటికి ఇవ్వరు, ఇంట్లోనే చేయాలి.

#5 · వెలుగునీడ

బయటికి తీసుకెళ్లకపోవడమే మంచిది. ఆ నియమం మీరే పెట్టుకోండి.

అద్దానికి అంటుకున్నది లాగకండి. ఫోటో పైపొర జెలటిన్, తేమకు మెత్తబడి అద్దానికి పట్టుకుంది. లాగితే మొహమే అద్దం మీద మిగిలిపోతుంది. అద్దం బయటివైపు పొడిగుడ్డతో తుడిచి, అద్దంతో సహా ఫోన్‌తోనో కెమెరాతోనో తీయండి. ఉత్తరపు కిటికీ పక్కన నేల మీద నల్లగుడ్డ పరిచి, పటం పడుకోబెట్టి, ఫోన్‌ను ట్రైపాడ్‌కు అడ్డకర్ర కట్టి పైనుంచి సమాంతరంగా. తీసేవాళ్ల చొక్కా కూడా ముదురు రంగుది కావాలి, తెల్లచొక్కా అద్దంలో కనపడుతుంది. ఫ్లాష్, హెచ్‌డీఆర్, మొహాలు నునుపు చేసే బ్యూటీ మోడ్ ఆపండి. 1ఎక్స్ కన్నా 2ఎక్స్ లెన్సుతో కొంచెం ఎత్తునుంచి తీస్తే అంచులు వంకర పోవు. పక్కన ఒక స్కేలు పెట్టి ఒక ఫ్రేము అదనంగా తీస్తే సైజు లెక్క ఉంటుంది.

జిగురు ఆల్బము: ముందు పేజీ మొత్తం ఉన్నదున్నట్టు తీయండి, వరుస కూడా చరిత్రే. తర్వాత మైనం లేని డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫోటో కిందికి పోనిచ్చి రంపంలా నెమ్మదిగా లాగితే చాలావరకు ఊడుతుంది. బలవంతం అనిపిస్తే వదిలేసి ప్లాస్టిక్ పొర మాత్రం ఎత్తి తీసుకోండి. హెయిర్ డ్రయ్యరు వద్దు.

బూజు: తడిగుడ్డ తగలకూడదు, తగిలితే బొమ్మతో సహా వస్తుంది. ఎండ నేరుగా పడని గాలి చోట ఒక రోజు ఆరనిచ్చి, ఆరుబయట, మాస్కు పెట్టుకుని మెత్తటి బ్రష్‌తో ఒకే వైపు దులపాలి. ఆ బ్రష్‌ను వేరే ఫోటోలకు వాడొద్దు. మన తీరంలో గాలి తేమ ఎక్కువ, శుభ్రం చేసినా మళ్లీ వస్తుంది. ఇంటివాళ్లకు మూత గట్టిగా పడే డబ్బా, సిలికా జెల్ పొట్లాలు ఇచ్చి, నీలం గింజలు గులాబీ రంగుకు మారితే వేయించి మళ్లీ వాడొచ్చని చెప్పండి.

గాజు ప్లేట్లు కనపడితే మెరిసే వైపే బ్రష్ తాకించాలి, మెరుపు లేని వైపు బొమ్మ ఉంటుంది. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే ఫిల్ము పెట్టెను మిగతా వాటినుంచి వెంటనే వేరు చేయండి. అది పక్కవాటిని కూడా పాడుచేస్తుంది.

#6 · మహేంద్రతనయ

పర్లాకిమిడి నుంచి. తారీఖులు పట్టుకోవడం గురించి రాస్తాను. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

మన ప్రాంతంలో కాగితాల మీద నాలుగు రకాల సంవత్సరాలు కనిపిస్తాయి. మద్రాసు ప్రెసిడెన్సీ భూమి కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు వసూలుకు వాడిన పంట ఏడాది. దానికి 590 కలపాలి, అది జూలై 1న మొదలవుతుంది. ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ వరకు. అంటే ఒకే ఫసలీలో మొదటి తొమ్మిది నెలలు మద్రాసు, 1936 ఏప్రిల్ 1 నుంచి ఒడిశా. నెల చూడకుండా ఏ రాష్ట్రపు కాగితమో చెప్పలేం.

రెండోది మన తెలుగు సంవత్సరం. పరాభవ అంటే 1966-67 కావచ్చు, 1906-07 కావచ్చు. అరవై ఏళ్ల తేడా కాబట్టి కాగితం, సిరా, నాణెం పేర్లు చూసి తేల్చాలి. ఉగాదికి మొదలవుతుంది కనుక జనవరి, ఫిబ్రవరి నెలలు తర్వాతి ఇంగ్లిషు ఏడాదిలో పడతాయి.

మూడోది ఒడియా ఆంక. ఇది రాజు పాలన లెక్క, కానీ వరుసగా లెక్కించరు. 1 వదిలేస్తారు, 6తో ముగిసేవన్నీ వదిలేస్తారు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ వదిలేస్తారు. కాబట్టి 19వ ఆంక అంటే పాలనలో 16వ ఏడు. భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు, సునియా రోజున ఏడు మారుతుంది. ఏ రాజు ఆంకో తెలియకుండా ఇంగ్లిషు ఏడు రాయకండి, ఆంక అంకెను అలాగే ఉంచండి. నాలుగోది మామూలు ఇంగ్లిషు ఏడు.

ఫోటోల్లోని బోర్డులను చదవండి. ధర నయా పైసల్లో ఉంటే 1957 ఏప్రిల్ నుంచి 1964 మధ్యది, అణాల్లో ఉంటే చాలావరకు అంతకు ముందుది. అడ్రసులో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. రైలు బోర్డు మీద బీఎన్‌ఆర్ (బెంగాల్ నాగపూర్ రైల్వే) అని ఉంటే 1952కు ముందు, 1952 నుంచి 1955 వరకు ఈస్టర్న్, ఆ తర్వాత సౌత్ ఈస్టర్న్, 2003 నుంచి ఈస్ట్ కోస్ట్. బండి నంబరు ఓఆర్ 07 అయితే 2012కు ముందు రిజిస్టరైనది, ఓడీ 07 అయితే తర్వాతది. మా నౌపడ లైను ఫోటో తెస్తే చిన్న పట్టాలా పెద్ద పట్టాలా చూడండి. 1900లో పర్లాకిమిడి వరకు, 1931లో గుణుపురం వరకు వేసిన రెండున్నర అడుగుల చిన్న లైను 2004లో ఆగింది. పెద్ద లైను మీద గుణుపురం వరకు రైలు 2011లో వచ్చింది.

పెద్దవాళ్లను "ఏ ఏడు?" అని అడిగితే తోచిన అంకె చెప్పేస్తారు. తుపానుకు ముందా తర్వాతా అని అడగండి. గోపాలపురం దగ్గర తీరం దాటిన 1999 అక్టోబరు 17, 18 తుపాను ఒకటి, అదే నెల 29న పారాదీప్ వైపు దాటిన మహా తుపాను ఇంకొకటి. రెండింటినీ కలిపి చెబుతారు, విడదీసి అడగాలి. 2013 అక్టోబరు 12 ఫైలిన్, 2018 అక్టోబరు 11 తిత్లీ కూడా మంచి గుర్తులు. తేలని తేదీని "సుమారు 1962" అని రాసి, ఎందుకు అలా అనుకున్నారో పక్కన ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం లేకపోతే పదేళ్ల తర్వాత ఎవరూ దిద్దలేరు.

#7 · హక్కులపత్రం

ఫోటో ఎవరిది అన్న ప్రశ్నకు "ఎవరి ఇంట్లో ఉంటే వాళ్లది" అని చాలామంది అనుకుంటారు. కాగితం వాళ్లది, హక్కు వేరే సంగతి.

1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. కాబట్టి పెళ్లి ఫోటోలు, స్టూడియోలో తీయించిన కుటుంబ ఫోటోలకు ఇంటివాళ్ల అనుమతి సరిపోతుంది. ఊళ్లో ఫోటోగ్రాఫరు తనంతట తాను తీసిన వీధి దృశ్యం, యాత్ర ఫోటో అలా కాదు. దానికి ఆయన, లేదా ఆయన వారసుల అనుమతి కావాలి. 2012 సవరణ నుంచి ఫోటో హక్కు తీసినవారి జీవితకాలం, వారు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1958కి ముందు తీసినవాటికి పాత లెక్క, తీసిన నాటినుంచి 50 ఏళ్లు. అవి ఇప్పుడు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. పత్రిక కటింగు స్కాన్ చేసి పెట్టడం మాత్రం అనుమతి లేనిదే వద్దు.

మాట్లాడినవాళ్ల అనుమతి రెండు రకాలుగా తీసుకోండి. రికార్డింగు మొదట్లోనే పేరు, తేదీ, ఎందుకోసం, ఎక్కడ పెడతారు చెప్పి "సరే" అనిపించాలి. దానితోపాటు ఒక పేజీ కాగితం, తెలుగులోనూ ఒడియాలోనూ. బరంపురంలో తెలుగు మాట్లాడే చాలామందికి చదువు ఒడియా లిపిలోనే వచ్చింది, తెలుగు కాగితం మీద సంతకం పెట్టించుకుంటే చదవకుండా పెట్టినట్టే. కాగితంలో మూడు గడులు ఉంచండి: అందరికీ, పేరు లేకుండా, ఫలానా ఏడు వరకు మూసి ఉంచాలి. ఆస్తి తగాదా, కులం మాట, బతికున్న మనిషి మీద నింద వచ్చిన చోట నిమిషం గుర్తుపెట్టుకుని బయటపెట్టే ప్రతిలో ఆ ముక్క తీసేయాలి. అసలు ప్రతిలో ఉండనివ్వండి.

#8 · రుషికుల్య

వీడియో: 1080పీ, సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 50వ వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోన్ మామూలుగా 30 ఫ్రేములు, 60వ వంతుతో తీస్తుంది, ట్యూబులైటు కింద చారలు పైకీ కిందికీ పాకుతాయి. ఎడిటింగులో అవి పోవు. ఎక్స్‌పోజర్, తెలుపు, ఫోకస్ మూడూ లాక్ చేయండి. 20 ఎంబీపీఎస్ వద్ద గంటకు 9 జీబీ లెక్క వేసుకోండి.

ఠకురాణి యాత్ర రెండేళ్లకొకసారి, అందులోనూ రాత్రి ఘటాల ఊరేగింపే అసలు సందడి. డోలు పక్కన మామూలు రికార్డరు పగిలిపోతుంది. లెవెలు మైనస్ 20కి దించండి, లేదా 32 బిట్ ఫ్లోట్ (లెవెలు మించినా తర్వాత దించుకోదగిన పద్ధతి) రాసే రికార్డరు తీసుకోండి. వేషం కట్టినవాళ్లు మొక్కుతో కడతారు, మొహం దగ్గరికి కెమెరా పెట్టే ముందు అడగాలి. పగలు వేషం కట్టుకుంటుండగా తీసిన అరగంట, రాత్రి ఊరేగింపు నాలుగు గంటల కన్నా ఎక్కువ చెబుతుంది. రంగులు ఏవి, ఎవరు దిద్దుతారు, కిరీటం దేనితో చేస్తారు అన్నీ అక్కడే తెలుస్తాయి.

డ్రోను ఎగరేయాలనుకుంటే ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడండి. గోపాలపురంలో సైన్యం వాయు రక్షణ కళాశాల ఉంది, రంగైలుండ వైపు ఎయిర్‌స్ట్రిప్ ఉంది. జౌగడ అశోక శాసనాల దగ్గర చేతిలో ఫోన్‌తో తీసుకోవచ్చు. ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి.

#9 · గుణుపురం_చిన్నలైను

ఇళ్లలో పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్లు కూడా వస్తాయి కదా, వాటి సంగతి?

#10 · టేపు_దారం

క్యాసెట్ కిటికీలోంచి రీలు అంచు చూడండి. తెల్ల పొడి కనపడితే వీసీఆర్‌లో పెట్టకండి. బూజు హెడ్ల మీదికి చేరి తర్వాత పెట్టిన ప్రతి టేపునూ పాడుచేస్తుంది. శుభ్రంగా ఉంటే చివరిదాకా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తిప్పి అప్పుడు ఆడించాలి. మనది పాల్ పద్ధతి, క్యాప్చర్ 720 బై 576, 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్ (ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా ఉండే రకం). దాన్ని డీఇంటర్‌లేస్ చేసేటప్పుడు 50 ఫ్రేములకు చేయండి, 25కు చేస్తే కదలిక సగం పోతుంది. ఆడియో క్యాసెట్ మందంగా, దుప్పటి కప్పినట్టు వినపడితే ప్లేయరు హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను ఒక్క పావు మలుపు అటూ ఇటూ తిప్పి 'స' శబ్దం స్పష్టంగా వచ్చేచోట ఆపండి. క్యాసెట్ మారిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి.

#11 · జయపురం_శ్రోత

రాతలోకి దించే పద్ధతి గురించి. ఫోన్‌లో దొరికే ఆటో ట్రాన్స్‌స్క్రిప్షన్ బరంపురం మాట మీద బాగా తప్పుతుంది. మధ్యలో వచ్చే ఒడియా మాటను దగ్గరగా వినిపించే తెలుగు మాటగా మార్చేస్తుంది. మొదటి ముసాయిదాకు వాడినా, చెవితో మొత్తం వినాల్సిందే. ఒకే చోటును ఒకాయన వీధి అంటాడు, ఇంకొకాయన సాహి అంటాడు. ఎవరు ఏమన్నారో అదే ఉండాలి. గ్రాంథికంగా దిద్దకండి, పత్రిక భాషకూ మార్చకండి. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉండి సవర మాటలను మాట్లాడేవాళ్ల నోట విని రాశారు. ఆ పని జరిగిన నేల మీదే ఉండి మన పెద్దల మాటను మనం దిద్దడం భావ్యం కాదు.

వీడియోలో తెలుగు అక్షరాలు వేసేటప్పుడు ఒత్తులు విడిపోతాయి, "స్త్రీ" మూడు ముక్కలవుతుంది. కొన్ని ఎడిటర్లకు మన లిపిని కూర్చడం రాదు. అప్పుడు ఇంక్‌స్కేప్‌లోనో లిబ్రెఆఫీస్‌లోనో అక్షరాలు వేసి, పారదర్శక పీఎన్‌జీ చిత్రంగా ఎగుమతి చేసి వీడియో మీద పెట్టండి. ఫాంటు నోటో సాన్స్ తెలుగు లేదా మండలి. పాత డీటీపీ సెంటరు నుంచి వచ్చిన "అను" ఫాంటు ఫైళ్లు యూనికోడ్ కావు, మార్చుకోకపోతే వెతికినా దొరకవు. ఒడియా ఆకృతి ఫాంటు ఫైళ్లకూ ఇదే జబ్బు. సబ్‌టైటిల్ ఫైలు యూటీఎఫ్-8లో భద్రపరచండి. తెలుగు లిపిలో ఒకటి, ఒడియా లిపిలో ఒకటి.

అన్నిటికన్నా ఎక్కువ మందికి చేరేది పావుగంట ఆడియో. మోనో, 64 కేబీపీఎస్ ఎంపీ3 అయితే 7 ఎంబీ, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపొచ్చు. మామూలు వాయిస్‌గా పంపితే మళ్లీ కుదిస్తుంది. ధ్వని స్థాయి మోనోకు మైనస్ 19 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినపడే గట్టితనానికి కొలత) దగ్గర సమం చేస్తే ఒక ఎపిసోడ్ గట్టిగా, ఒకటి మెల్లగా ఉండదు.

#12 · ఛత్రపురం_పాఠకురాలు

కాగితాల గురించి ఒక మాట. బరంపురం, గంజాం 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి కనుక ఆనాటి రెవెన్యూ, జిల్లా రికార్డులు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. తర్వాతివి భువనేశ్వర్‌లో ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్. చాలామంది భువనేశ్వర్ వెళ్లి "పాత కాగితాలు లేవు" అని తిరిగి వస్తారు. అవి వేరే ఊళ్లో ఉన్నాయి, అంతే. మద్రాసు నాటి ఉత్తర్వులకు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్ చూడాలి. 1882 గంజాం జిల్లా మాన్యువల్ అప్పటి ఊళ్ల పేర్లకు ఉపయోగం. ఇంగ్లిషు స్పెల్లింగు వేరుగా ఉంటుంది, అదీ రాసి పెట్టుకోండి. పశ్చిమ బెంగాల్లో ఇంకో బహరంపూర్ ఉంది. కేటలాగుల్లో రెండూ కలిసిపోతాయి, "గంజాం" అన్న మాట చేర్చి వెతకండి.

నేతపనివారిని బరంపురం దగ్గరి మహురి సంస్థానం రాజులు రాజమండ్రి వైపునుంచి రప్పించారని చెప్పుకుంటారు. ఇలాంటి మాటలు వీడియోలో రుజువైన సంగతిలా చెప్పొద్దు. "ఫలానా వీధిలో ఇలా చెప్పుకుంటారు" అని, చెప్పినవారి గొంతుతోనే ఉంచండి. రుజువు దొరికితే చేర్చొచ్చు, లేకపోయినా ఆ మాట విలువ పోదు.

ఇంకొకటి. పాత నలుపు తెలుపు ఫోటోలకు ఏఐతో రంగులు వేసి పెట్టే అలవాటు పెరిగింది. దయచేసి చేయకండి.

#13 · రుషికుల్య

అక్కా, రంగు వేసిన ఫోటో పెడితేనే కుర్రవాళ్లు ఆగి చూస్తారు. అసలుది పక్కనే పెడితే తప్పేముంది?

#14 · ఛత్రపురం_పాఠకురాలు

పక్కన పెట్టినది పక్కనే ఉండదు బాబూ. వాట్సాప్‌లో రంగుదే తిరుగుతుంది, అసలుది పోతుంది. మన ఊరికి ఇది ఇంకా ముఖ్యం. ఫొడా కుంభ (అంచున గోపురాల నమూనా ఉండే) పట్టుచీరలో అంచు ఏ రంగు, ఒడలు ఏ రంగు అన్నదే నేతవాళ్లు వెతికే సంగతి. ఏఐ తనకు తోచిన రంగు వేస్తుంది, రేపు ఎవరో దాన్ని చూసి "1950లలో ఇలా నేసేవారు" అని రాస్తారు. కొన్ని పనిముట్లు మొహాలను కూడా మార్చేస్తాయి, ముత్తవ్వ ఎవరో కొత్త మనిషి అవుతుంది. రంగు కావాలంటే ఆ చీర ఇంకా ఇంట్లో ఉందేమో అడిగి, పగటి వెలుగులో తెల్లకాగితం పక్కన పెట్టి ఫోటో తీసి, పాత ఫోటో పక్కన పెట్టండి. కుర్రవాళ్లు దానికి ఇంకా ఎక్కువసేపు ఆగుతారు.

#15 · రుషికుల్య

చీర పక్కన పెట్టడం బాగుంది అక్కా. వీడియోకు కూడా అదే వాడొచ్చు. ఒప్పుకుంటున్నాను.

#16 · మహేంద్రతనయ

యూట్యూబ్ ప్రశ్నకు ఎవరూ సూటిగా చెప్పలేదు. యూట్యూబ్ పంచడానికి, దాచడానికి కాదు. పెట్టినదాన్ని కుదిస్తుంది. అకౌంటు పాస్‌వర్డు ఒక్కరి దగ్గరుండి ఆ మనిషి ఊరు మారితే అంతా మూతపడుతుంది. మూడు ప్రతులు ఉంచండి: రెండు వేర్వేరు ఇళ్లలో రెండు హార్డ్‌డిస్కులు, మూడోది ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట. అనుమతి ఉన్న ఫోటోలు వికీమీడియా కామన్స్‌లో పెడితే తెలుగు, ఒడియా వికీపీడియాలు రెండూ వాడుకుంటాయి. అక్కడ ఎంపీ4 తీసుకోరు, వెబ్‌ఎంగా మార్చాలి. పెన్‌డ్రైవు దాచే చోటు కాదు. ప్రతి ఫోల్డరుకు ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తు సంఖ్య) జాబితా తయారుచేసి ఏడాదికోసారి సరిచూస్తే, ఏ ఫైలు చెడిందో రెండో డిస్కు ఇంకా బాగున్నప్పుడే తెలుస్తుంది.

ఫైలు పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోనే, ఖాళీలు లేకుండా: ఊరి గుర్తు, ఇంటికి మీరిచ్చిన వరుస నంబరు, ఫోటో నంబరు నాలుగు అంకెల్లో. ఇంటి పేరూ వీధి పేరూ ఫైలు పేరులో వద్దు, అవి పట్టికలో ఉండాలి. పట్టికలో ఊరి పేరుకు మూడు రూపాలూ రాయండి: బరంపురం, బ్రహ్మపుర్, బెర్హంపూర్. ఒక్కొక్కరు ఒక్కోలా వెతుకుతారు.

వీధిలో క్యూఆర్ బోర్డు పెట్టేటట్టయితే ఉచిత సైట్లలో చేసే "మార్చుకోదగిన" క్యూఆర్ వాడకండి. గడువు అయ్యాక బోర్డు ఉంటుంది, లింకు చస్తుంది. సొంత డొమైన్ కొని, ఆ చిన్న లింకు మీద మామూలు క్యూఆర్ చేయించండి. నిలబడే దూరంలో పదో వంతు సైజు ఉండాలి, మీటరు దూరానికి 10 సెంటీమీటర్లు. తెల్లమీద నల్లది, చుట్టూ నాలుగు గడుల తెల్ల అంచు, తప్పు సవరణ హెచ్ స్థాయి (అన్నిటికన్నా ఎక్కువది). వినైల్ స్టిక్కరు మన ఉప్పుగాలికి, ఎండకు వెలిసిపోతుంది. మూడు మిల్లీమీటర్ల ఏసీపీ (అల్యూమినియం పొరల) షీటు మీద యూవీ ప్రింటు చేయించి, స్టెయిన్‌లెస్ మేకులు వాడండి.

#17 · పాతబరంపురం

అందరికీ కృతజ్ఞతలు. లెక్క మార్చాం: 8 మంది, 200 ఫోటోలు, 3 వీడియోలు. మొదటి రెండు వారాలు దేశిబెహరా వీధి ఒక్కటే. అనుమతి పత్రం రెండు లిపుల్లో సిద్ధం చేస్తాం, సీసీడీ స్కానరు వెతుకుతున్నాం. ఒక ప్రశ్న మిగిలింది. మాట్లాడించడం ఎలా మొదలుపెట్టాలి? ప్రశ్నల కాగితం ముందే ఇవ్వాలా?

#18 · టేపు_దారం

కాగితం ఇవ్వకండి, జవాబులు తయారుచేసుకుని ఉపన్యాసం చెబుతారు. విషయం మాత్రం రెండు రోజుల ముందు చెప్పండి, పాత కాగితాలు తీసి ఉంచుతారు. "ఆ రోజుల్లో ఎలా ఉండేది?" అని అడిగితే "బాగుండేది" అంటారు. "మీ గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఏముండేది, ఎడమ పక్క ఎవరి ఇల్లు?" అని మొదలుపెట్టి వీధి చివరిదాకా నడిపించండి. ముందు ఒక తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి వీధి గీయమనండి. గీస్తున్నప్పుడు రికార్డింగు నడుస్తూనే ఉండాలి, "ఇక్కడ", "అక్కడ" అన్న చోటల్లా మీరు ఆ పేరు పలకాలి, లేకపోతే విన్నవాళ్లకు తెలియదు. గీసిన కాగితానికి తేదీ వేసి, అదే రికార్డింగు నంబరుతో స్కాన్ చేయండి. గంట దాటనివ్వకండి, పెద్దవాళ్లు అలిసిపోతే పేర్లు కలగలుస్తాయి. లేచే ముందు ఆల్బము తీయమని అడగండి, ఆపు బటను మాత్రం అప్పుడే నొక్కకండి. ఫోటో చేతిలోకి రాగానే అసలు మాటలు మొదలవుతాయి.